నకిలీ వీడియోల గురించి ఊళ్లో చెప్పబోతున్న మీకు

మీ ప్రశ్న ఇదీ: మండల సమాఖ్య వాళ్లు మీకు ఒక మధ్యాహ్నం రెండు గంటలు ఇచ్చారు. నలభై మంది డ్వాక్రా మహిళలు, వాళ్లతో పాటు కొందరు రిటైరైన పెద్దలు వస్తారు. ఏఐతో చేసిన వీడియోని గుర్తుపట్టే పది గుర్తులు చెబితే చార్టు మీద రాసి మీటింగ్ హాల్లో గోడకు అంటిస్తానన్నారు.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. 2023 చివరి నుంచి తెనాలి చుట్టుపక్కల గ్రంథాలయాల్లో, సంఘాల మీటింగుల్లో, పెన్షనర్ల దగ్గర ఇదే పని చేస్తున్నాను. మొదట్లో నేనూ అలాంటి చార్టే పట్టుకెళ్లాను. ఆ అనుభవంతోనే సూటిగా చెబుతున్నాను. ఆ చార్టు చేయకండి.

నా చార్టులో మొదటి గుర్తు కనురెప్పలు. అది గాలికి పుట్టింది కాదు. 2018లో అమెరికాలోని ఆల్బనీ విశ్వవిద్యాలయంలో సివై ల్యూ, ఆయన విద్యార్థులు ఒక సంగతి గమనించారు. అప్పటి డీప్‌ఫేక్‌లలో, అంటే ఏఐతో ముఖమో గొంతో మార్చి చేసిన నకిలీ వీడియోల్లో, మనుషులు మామూలుగా కళ్లు ఆర్పడం లేదు. కంప్యూటర్‌కి నేర్పడానికి వాడిన ఫొటోల్లో అందరూ కళ్లు తెరుచుకునే ఉంటారు కదా, కళ్లు మూసిన ఫొటో ఎవరు దాచుకుంటారు? ఆ లోపం బయటపడిన కొద్ది కాలానికే కళ్లు ఆర్పే డీప్‌ఫేక్‌లు వచ్చేశాయి. ఐదేళ్ల తర్వాత నేను అదే గుర్తును మన ఊళ్లల్లో బోధిస్తూ తిరిగాను.

ఒక పెన్షనర్ నా క్లాసుకి వచ్చి, శ్రద్ధగా నోట్సు రాసుకుని వెళ్లారు. మూడు వారాలకు ఫోన్ చేశారు. ఒక కేంద్ర మంత్రి ముఖంతో పెట్టుబడి పథకం వీడియో చూసి అరవై వేలు కట్టేశారు. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "మీరు చెప్పినట్టే చూశాను టీచర్‌గారూ. కళ్లు చక్కగా ఆర్పుతున్నారు. అందుకే నమ్మాను." నేను క్లాసు చెప్పకపోయి ఉంటే ఆయన కాస్త అనుమానించేవారేమో. నేను ఇచ్చిన గుర్తే ఆయనకు ధైర్యం ఇచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడే ఆ చార్టు తీసేశాను.

ఇది ఒక్కరి అనుభవం మాత్రమే కాదు. 2022లో సోఫీ నైటింగేల్, హానీ ఫరీద్ అనే ఇద్దరు పరిశోధకులు నిజమైన ముఖాల ఫొటోలూ, కంప్యూటర్ పుట్టించిన ముఖాల ఫొటోలూ కలిపి జనం ముందు పెట్టి ఏది ఏదో చెప్పమన్నారు. సరిగ్గా చెప్పింది 48.2 శాతం. బొమ్మా బొరుసా వేసి చెప్పినా ఇంచుమించు అంతే వస్తుంది. ఇంకో బృందానికి ముందుగా గుర్తులు నేర్పి, ప్రతి జవాబు తర్వాత అది తప్పో ఒప్పో కూడా చెబుతూ వెళ్లారు. అప్పుడూ 59 శాతం దగ్గరే ఆగింది. పైగా నిజమైన ముఖాల కంటే పుట్టించిన ముఖాలే కొంచెం ఎక్కువ నమ్మదగినవిగా జనానికి అనిపించాయి. ఇది కదలని ఫొటోల సంగతి, అదీ 2022 నాటిది. వీడియోల మీద 2021లో నిల్స్ కోబిస్ బృందం చేసిన పరిశోధన ఇంకో మాట చెప్పింది: జనం డీప్‌ఫేక్‌ను కనిపెట్టలేరు, కానీ కనిపెట్టగలమని గట్టిగా అనుకుంటారు. ఆ పెన్షనర్‌కి నేను ఇచ్చింది సరిగ్గా ఆ నమ్మకమే.

అందుకని మీ రెండు గంటల్లో గుర్తులకు పావుగంట మించి ఇవ్వొద్దు. అసలు ఇవ్వకుండా ఉండలేరు, ఎందుకంటే వచ్చినవాళ్లు అదే అడుగుతారు. ఇచ్చేటప్పుడు ఒక్క మాట ముందే ఖాయం చేయండి: గుర్తు కనబడితే అనుమానించాలి, గుర్తు కనబడకపోతే నమ్మాలని కాదు. ఈ వాక్యాన్ని వాళ్ల చేత రెండుసార్లు అనిపించండి.

ఆ పావుగంటలో నేను చేసేది పెదవుల పాఠం. మనకు వచ్చే మోసపు వీడియోల్లో చాలావరకు మనిషి అసలే, ప్రసంగమూ అసలే. గొంతు మార్చి, దానికి తగ్గట్టు నోటి చుట్టూ ఉన్న భాగం మాత్రం మారుస్తారు. ఒక మంత్రి ఏదో ప్రెస్‌మీట్‌లో మాట్లాడిన వీడియో తీసుకుని, ఆ మంత్రి నోట పెట్టుబడి యాప్ పేరు పలికిస్తారు. 2024 జనవరిలో సచిన్ టెండూల్కర్ ముఖంతో ఒక గేమింగ్ యాప్ ప్రకటన తిరిగితే ఆయనే బయటికొచ్చి అది నకిలీ అని చెప్పాల్సి వచ్చింది. ఇలాంటివాటిలో ప, ఫ, బ, భ, మ పలికే చోట చూడాలి. ఇవి ఓష్ఠ్యాలు, పెదవులు తగలకుండా పలకలేం. అవధానాల్లో పృచ్ఛకులు నిరోష్ఠ్యం అడుగుతారు చూడండి, పెదవి పెదవికి తగలని అక్షరాలతో పద్యం చెప్పమని. సరిగ్గా కుదరని నకిలీ వీడియోలో మనిషి "మ" అంటున్నా పెదవులు విడిగానే ఉంటాయి.

క్లాసులో అందరినీ పెదవుల మీద వేలు పెట్టుకుని "డబ్బు పంపమ్మా" అనమంటాను. బ్బు, పం, ప, మ్మా. నాలుగుసార్లు పెదవులు గట్టిగా కలుస్తాయి. నవ్వుకుంటూ అంటారు, కానీ ఇంటికెళ్లి మనవళ్లకి కూడా చెబుతారు. మోసగాడు చివరికి అడగబోయేది కూడా ఆ మాటే కాబట్టి ఆ వాక్యమే వాడతాను. అయితే మంచి నాణ్యతతో చేసిన వాటిలో ఇప్పుడు పెదవులు కూడా బాగానే కలుస్తున్నాయి. ఆ సంగతీ వెంటనే చెప్పేయండి.

ఈ సందర్భంలో నేను తప్పకుండా చెప్పే విషయం ఒకటుంది. మాటకు తగ్గట్టు పెదవులు కదిలించే ప్రోగ్రాముల్లో ప్రపంచమంతా వాడిన వేవ్‌టులిప్ అనేది 2020లో మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకుల దగ్గర పుట్టింది. ఒక భాషలో చెప్పిన పాఠాన్ని ఇంకో భాషలో వినిపించినప్పుడు పెదవులు కూడా ఆ భాషలోనే కదిలితే పిల్లలకు బాగుంటుందన్నది దాని వెనక ఉన్న ఆలోచనల్లో ఒకటి. ఇది చెబితే పెద్దవాళ్లకు భయం తగ్గుతుంది. ఏదో అంతుపట్టని మాయ అనుకున్నంత సేపూ మనిషి ఆలోచించడు, చేతులెత్తేస్తాడు. గచ్చిబౌలిలో కూర్చుని మన పిల్లలు రాసిన ప్రోగ్రాం అని తెలిస్తే, ఇది ఎలా పనిచేస్తుందని అడగడం మొదలుపెడతారు.

అందుకే తయారుచేసి చూపించడం నా క్లాసుకి ప్రాణం. ఎవరైనా ఒకావిడను ముందుకు రమ్మంటాను. గ్రూపు లీడర్ అయితే మరీ మంచిది, ఎందుకంటే ఆవిడ గొంతు అందరికీ తెలుసు. ఏం చేయబోతున్నామో అందరి ముందూ చెప్పి, ఒప్పుకుంటేనే ఒక నిమిషం మాట్లాడించి రికార్డు చేస్తాను. ఏఐతో ఆ గొంతును నకలు చేసి, ఫోన్లో ఈ మాట పలికిస్తాను: "అక్కా, ఈ నెల పొదుపు డబ్బు ఈ కొత్త నంబరుకి ఫోన్‌పే చేయండి, బ్యాంకులో సర్వర్ పనిచేయట్లేదంట." ఆ క్షణంలో హాలు నిశ్శబ్దమైపోతుంది. ఒకసారి దుగ్గిరాల దగ్గర ఒక ఊళ్లో ఆ లీడర్ పక్కనే కూర్చున్న ఆవిడ చెల్లెలు, "ఇది వింటే నేను పంపేసేదాన్ని" అంది. గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా ఆ ఒక్క మాట రాబట్టలేం. తర్వాత అందరూ చూస్తుండగానే ఆ రికార్డింగూ, తయారైన ఫైలూ తీసేయండి. ఎవరి గొంతునీ అడగకుండా వాడొద్దు. పిల్లల గొంతు అసలే వద్దు.

ఇక్కడి నుంచి అసలు పాఠం. చూపు మీద ఆధారపడలేమని వాళ్లకే తెలిసింది కాబట్టి, మరి దేని మీద ఆధారపడాలి అన్న ప్రశ్న వాళ్ల నుంచే వస్తుంది.

నేను మూడు బుట్టల ఆట ఆడిస్తాను. నిజంగా బుట్టలే పెట్టండి, బాగుంటుంది. ఒకటి నిజం, ఒకటి అబద్ధం, మూడోది ఇంకా తెలియదు. పది వీడియోలు చూపించి, ఒక్కోదానికి ఒక్కో చీటీ వేయమంటాను. పదిలో ఐదు తప్పకుండా నిజమైనవే ఉండాలి. ఇది చాలా ముఖ్యం. అన్నీ నకిలీవే చూపిస్తే జనం నేర్చుకునేది ఒకటే, దేన్నీ నమ్మకూడదని. అలా నేర్చుకున్న ఊళ్లో తుపాను హెచ్చరిక గురించి కలెక్టర్ మాట్లాడిన వీడియో కూడా పనిచేయదు. ఇంకో నష్టం కూడా ఉంది. నిజంగా తప్పు చేసి కెమెరాకు దొరికినవాడు "అది ఏఐ అండీ" అని తప్పించుకుంటాడు. ఇంగ్లీషులో దీన్ని లయర్స్ డివిడెండ్, అంటే అబద్ధాలకోరుకు వచ్చే లాభం అంటారు, అమెరికా న్యాయ పండితులు చెస్నీ, సిట్రాన్ పెట్టిన పేరు. మన పాఠం ఆ లాభాన్ని పెంచకూడదు.

మొదటి రౌండ్‌లో మూడో బుట్ట దాదాపు ఖాళీగా ఉంటుంది. అందరూ అవుననో కాదనో తేల్చేస్తారు. క్లాసు అయ్యాక రెండో రౌండ్ ఆడిస్తే మూడో బుట్ట నిండాలి. నాకు క్లాసు బాగా జరిగిందనడానికి కొలమానం అదే. తెలియదని ఒప్పుకుని, తెలిసేదాకా చేతిలోనే ఉంచుకోవడం పెద్దవాళ్లకు చాలా కష్టం. అందులోనూ ఊళ్లో కాస్త మాట చెల్లేవాళ్లకు మరీ కష్టం.

ఆ పదిలో ఏఐ లేని నకిలీ కూడా ఒకటి పెట్టండి. 2024 ఎన్నికల ముందు కేంద్ర హోంమంత్రి అమిత్ షా రిజర్వేషన్ల గురించి మాట్లాడినట్టు తిరిగిన వీడియో అలాంటిదే. 2023లో తెలంగాణలో చేసిన ప్రసంగాన్ని కత్తిరించి అతికించారు, ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు. పెదవులు చూసినా, కళ్లు చూసినా, వేళ్లు లెక్కపెట్టినా అందులో ఏమీ దొరకదు, మనిషీ గొంతూ రెండూ అసలువే. పూర్తి ప్రసంగం తీసి చూసినప్పుడే తేలుతుంది. పాత వరద వీడియోని ఈ ఏడాది వరదని పెట్టడం కూడా ఇంతే. ఏఐ వీడియోల క్లాసు అని పేరు పెట్టి వీటిని వదిలేస్తే సగం పని చేసినట్టే.

రష్మిక మందన్న వీడియో సంగతి చాలామందికి గుర్తుంటుంది కాబట్టి అది వాడండి. 2023 నవంబర్‌లో లిఫ్టులోకి వస్తున్న వేరే అమ్మాయి వీడియోకి ఆమె ముఖం అతికించారు. జాగ్రత్తగా చూస్తే మొదటి క్షణంలో అసలు అమ్మాయి ముఖం కనబడి, తర్వాత మారుతుంది. కానీ గట్టిగా తేలింది మాత్రం ఆ అసలు వీడియో ఇన్‌స్టాగ్రామ్‌లో దొరికినప్పుడు. ఆ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది మన గుంటూరు జిల్లాకు చెందిన కుర్రాడిని. తన ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. ఈ మాట చెప్పినప్పుడు హాల్లో తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఇంట్లో ఉన్న మగపిల్లలతో మాట్లాడాల్సిన విషయం కూడా ఇదేనని అక్కడ చెప్పకుండా ఉండకండి.

అసలు వీడియో వెతకడం నేర్పడానికి అరగంట పెట్టుకోండి. వీడియోని ముఖం స్పష్టంగా ఉన్న చోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో పెట్టడం. ప్రసంగమైతే ఆ మనిషి పేరు, ఊరు, వెనక బ్యానర్ మీద కనిపించే మాట కలిపి యూట్యూబ్‌లో కొట్టి, నిడివి ఎక్కువ ఉన్న వీడియో చూడటం. తెలుగులో ఫ్యాక్ట్‌చెక్, అంటే ఏది నిజమో ఏది కాదో తేల్చి రాసేవాళ్లున్నారని చాలామందికి తెలియదు. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ తెలుగులో ఇస్తాయి. కేంద్ర ప్రభుత్వ పథకం అంటూ వచ్చినవాటికి కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ నడిపే ఫ్యాక్ట్‌చెక్ చూడాలి. వాట్సాప్‌లో అనుమానం వచ్చిన వీడియో పంపితే పరిశీలించి చెప్పడానికి డీప్‌ఫేక్స్ ఎనాలిసిస్ యూనిట్ 2024 మార్చిలో మొదలైంది. దానికి తెలుగులో కూడా పంపొచ్చు.

నలభై మందీ ఇవన్నీ చేస్తారని ఆశ పెట్టుకోకండి. చేయరు, చేయనవసరం కూడా లేదు. ప్రతి గ్రూపు నుంచి ఒకరిని ఎంచుకోమనండి. వీఓఏ, అంటే గ్రామ సంఘం సహాయకురాలు కావచ్చు, డిగ్రీ చదివే కూతురు కావచ్చు. మిగతావాళ్లు నేర్చుకోవాల్సింది ఒక్కటే: అనుమానం రాగానే ఆ మనిషికి పంపి, జవాబు వచ్చేదాకా ఇంకెవరికీ పంపకుండా ఆగడం. మన సంఘాల్లో లెక్కలు రాసే బాధ్యత ఒకరికి అప్పగించినట్టే ఇదీ అప్పగించవచ్చు. మా దగ్గర నాలుగు ఊళ్లలో ఇది నడుస్తోంది. అందరికీ లెన్స్ నేర్పాలని గొంతు పోగొట్టుకున్న రోజుల కంటే ఇది వంద రెట్లు నయం.

నకిలీని పట్టే డిటెక్టర్ యాప్‌లు ఏవైనా చెప్పమని అడుగుతారు. నేను చెప్పను. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారిన వీడియో నాణ్యత పోయి ఉంటుంది, అలాంటివాటి మీద ఆ యాప్‌లు రెండు వైపులా పొరపాటు పడతాయి. అంకె చూపిస్తాయి కాబట్టి జనం దాన్ని వేదం అనుకుంటారు. వీడియో మీద ఏఐ వీడియోలు చేసే సోరా వేసే ముద్ర లాంటిది కనబడితే ఏఐ అని తెలుస్తుంది, నిజమే. కానీ ముద్ర చెరిపేసే దారులు వెంటనే వచ్చాయి. ముద్ర లేకపోవడం దేనికీ రుజువు కాదు.

వెతకడం కంటే ముందు జరగాల్సింది ఆగడం. అది ఎప్పుడో గుర్తుపట్టేలా నేర్పాలి. నేను అడిగే ప్రశ్న ఒకటే: "ఈ వీడియో నన్ను ఏం చేయమంటోంది?" డబ్బు కట్టమంటోందా, ఎవరి మీదో కోపం తెచ్చుకోమంటోందా, వెంటనే పదిమందికి పంపమంటోందా? 2023 నవంబర్ 30న తెలంగాణలో జనం పోలింగ్ కేంద్రాల దగ్గర బారులు తీరి ఉండగా, కేటీఆర్ తన ప్రత్యర్థి పార్టీకి ఓటేయమంటున్నట్టు ఏడు సెకన్ల వీడియో తిరిగింది. ఏడు సెకన్లు. అదీ పోలింగ్ రోజు పొద్దున. వీడియోలో ఏ లోపం ఉందో వెతకక్కర్లేదు, ఆ సమయం చూస్తే చాలు అనుమానించడానికి. ఖండన వచ్చేసరికి ఓటు పడిపోయి ఉంటుందన్నదే దాని లెక్క.

మనకు నచ్చే అబద్ధం గురించి కూడా చెప్పాలి, ఇది ఇంకా కష్టం. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, పాకిస్తాన్ సైనిక ప్రతినిధి తమ యుద్ధ విమానాలు రెండు పోయాయని ఒప్పుకుంటున్నట్టు ఒక డీప్‌ఫేక్ తిరిగింది. మన దగ్గర కొన్ని వార్తా సంస్థలు కూడా దాన్ని వాడాయి. వినడానికి మనకు తియ్యగా ఉంది కాబట్టి ఎవరూ ఆగలేదు. నేను కూడా ఆ రాత్రి అది చూసి మా అన్నయ్యకు పంపబోయి, పంపే ముందు ఆగాను. కోపం వచ్చినప్పుడు ఆగాలని అందరూ చెబుతారు. సంతోషం వచ్చినప్పుడు కూడా ఆగాలని చెప్పండి.

ఇక డబ్బు అడిగే ఫోన్లు. మీ ఊళ్లో ఎక్కువ నష్టం జరగబోయేది ఇక్కడే కాబట్టి కనీసం అరగంట దీనికి పెట్టండి. 2023 జులైలో కేరళలోని కోజికోడ్‌లో ఒక రిటైర్డ్ ఉద్యోగికి వాట్సాప్‌లో ఫోన్ వచ్చింది. మాట్లాడింది ఒకప్పుడు తనతో పనిచేసిన ఆంధ్రా స్నేహితుడే అనుకున్నారు. ఇంట్లోవాళ్లకు ఆపరేషన్ ఉందని నలభై వేలు అడిగాడు. నమ్మకం కలగడానికి వీడియో కాల్‌లో ముఖం కూడా కనిపించింది, కొద్ది సెకన్లే. పంపేశారు. కాసేపటికి ఇంకో ముప్ఫై అయిదు వేలు అడిగేసరికి అనుమానం వచ్చి, తన దగ్గరున్న పాత నంబరుకి ఫోన్ చేశారు. అసలు స్నేహితుడికి ఏమీ తెలియదు. వెంటనే ఫిర్యాదు చేయడంతో పోలీసులు ఆ డబ్బును పట్టుకోగలిగారు.

ఈ కథ మొత్తం చెప్పి, ఎక్కడ తేలింది అని అడగండి. వీడియో కాల్‌లో తేలలేదు. ముఖం చూడటం వల్ల మోసం ఇంకా బలపడింది. పాత నంబరుకి మనం చేసిన ఫోనుతో తేలింది. అవతలివాళ్లు చేసిన కాల్ ఎంత బాగున్నా పెట్టేసి, మన ఫోన్లో ముందే ఉన్న నంబరుకి మనమే చేయాలి. ఆ నంబరు కలవకపోతే వాళ్ల ఇంట్లో ఇంకొకరికి చేయాలి. ఎంత తొందరైనా ఇది రెండు నిమిషాల పని.

2024 మొదట్లో బయటపడిన హాంకాంగ్ కేసు చెబితే చదువుకున్నవాళ్ల మొహమాటం పోతుంది. ఒక పెద్ద ఇంజనీరింగ్ కంపెనీ ఉద్యోగి వీడియో మీటింగ్‌లో తన పై అధికారినీ, తోటివాళ్లనూ చూసి, వాళ్లు చెప్పినట్టు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేశాడు. మీటింగ్‌లో అతను తప్ప మిగతావాళ్లంతా నకిలీ. ఆఫీసులో కూర్చుని లెక్కలు చూసే మనిషే మోసపోయాడని తెలిస్తే, మోసపోవడం తెలివితక్కువతనం కాదని అందరికీ అర్థమవుతుంది. అలా అర్థమైతేనే రేపు ఏదైనా జరిగినప్పుడు దాచుకోకుండా చెబుతారు.

ఇంటి మాట ఒకటి పెట్టుకోమని చెప్పండి. కుటుంబంలో అందరికీ తెలిసి, బయట ఎక్కడా రాయని మాట. పుట్టినరోజులు, పిల్లల ముద్దుపేర్లు పనికిరావు, అవన్నీ ఫేస్‌బుక్‌లో ఉంటాయి. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న గేదె పేరు లాంటిది బాగుంటుంది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు అనుకోవాలి, వాట్సాప్‌లో పంపుకోకూడదు. మన ఊళ్లల్లో పిల్లలు అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న ఇళ్లు ఎన్నో. అర్ధరాత్రి కొడుకు గొంతుతో "నాన్నా, పోలీసులు పట్టుకున్నారు" అని ఏడుపు వినిపిస్తే ఏ తండ్రి నిదానంగా ఆలోచిస్తాడు? ఆ టెన్షన్‌లో నోట్సు గుర్తుకు రావు, గేదె పేరు అడగడం గుర్తొస్తుంది. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయాలని అందరి ఫోన్లలోనూ ఆ నంబరు అక్కడే సేవ్ చేయించండి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పాకిపోతుంది.

బంధువుల గ్రూపుల గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. "మా పెదనాన్నగారు రోజుకి ఇరవై పంపుతారు, చిన్నదాన్ని, నేను కాదని ఎలా అనగలను?" అని. అందరి ముందు ఆయన తప్పు ఎత్తిచూపితే ఆయన మానరు, ఇంకా గట్టిగా పంపుతారు. విడిగా ఫోన్ చేయమనండి, మెసేజ్ కూడా వద్దు. "పెదనాన్నా, మీరు పంపిన వీడియో చూశాను. నాకూ మొదట నిజమే అనిపించింది. అసలు వీడియో దొరికింది, మీకు పంపనా?" అంటే చాలామంది వింటారు. ఆయనే గ్రూపులో సవరణ పెట్టేలా చేస్తే గొప్ప విజయం, ఎందుకంటే ఆయన మాట మన మాట కంటే ఎక్కువ చెల్లుతుంది. అడ్మిన్‌లకు ప్రత్యేకంగా చెప్పండి: నకిలీని డిలీట్ చేసి ఊరుకోవద్దు, అది నకిలీ అని ఒక వాక్యం రాయాలి. ఉదయం వీడియో చూసినవాళ్లకు సాయంత్రం అది మాయమైన సంగతే తెలియదు.

చివరి పావుగంట ఆడవాళ్లతో మాత్రమే మాట్లాడే వీలుంటే చూసుకోండి. మన అమ్మాయి ముఖంతో అసహ్యమైన ఫొటోనో వీడియోనో వస్తే ఏం చేయాలన్నది మగవాళ్లు ఉన్నప్పుడు ఎవరూ అడగరు. మొదట చెప్పాల్సింది తల్లులకు: ఆ పిల్లని తిట్టొద్దు, ఫోన్ లాక్కోవద్దు. అది మార్ఫింగ్ కాక నిజమైన ఫొటో అయినా సరే, నేరం చేసింది బయటపెట్టినవాడు. స్క్రీన్‌షాట్లు, లింకులు, పంపినవాడి నంబరు దాచిపెట్టాలి. డబ్బు ఇవ్వకూడదు, ఇస్తే మళ్లీ అడుగుతాడు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల మీద నేరాలకు వేరే విభాగం ఉంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. అందులో మన ఫొటో ఎవరికీ వెళ్లదు, ఫోన్లోనే దానికొక సంఖ్యారూపం తయారై అది మాత్రమే వెళుతుంది, దాన్నిబట్టి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆ ఫొటో తమ దగ్గర పైకి రాకుండా ఆపుతాయి. ఒక ఊళ్లో ఈ పావుగంట అయ్యాక ఒక తల్లి బయట వేపచెట్టు కింద నా కోసం ఆగింది. ఆమె కూతురు రెండు నెలలుగా కాలేజీ మానేసి ఇంట్లో కూర్చుంది, ఎందుకో ఎవరికీ చెప్పలేదట. మర్నాడు ముగ్గురం కలిసి ఫిర్యాదు పెట్టాం. ఈ పని మానేద్దామా అని నాకు అనిపించినప్పుడల్లా ఆ పిల్లే గుర్తొస్తుంది.

ఇంకొక్కటి. ఒక్క క్లాసుతో ఏదీ నిలవదు. మొదటిసారి వెళ్లినప్పుడే మూడు వారాల తర్వాతి తేదీ కూడా సమాఖ్య వాళ్లతో ఖాయం చేసుకుని రండి, గంట చాలు. ఆ రోజు మీరు ఏ వీడియోలూ తీసుకెళ్లకండి. వాళ్ల ఫోన్లు తీయమని, ఈ మూడు వారాల్లో వచ్చి, పంపకుండా ఆపినవి ఏంటో చూపించమనండి. మొన్న కొల్లిపర దగ్గర అలా అడిగితే, అరవై దాటిన ఒకావిడ ఫోన్ తెరిచి ఆరు వీడియోలు చూపించింది. "ఇవి ఇంకా తెలియదు బుట్టలో ఉన్నాయి" అంది. అందులో రెండు నిజమైనవే అని తేలింది, ఆ రెండూ అక్కడే కూర్చుని గ్రూపులో పంపింది.

మీ క్లాసు తేదీ ఖరారయ్యాక రాయండి. నేను వాడే పది వీడియోలు, వాటిలో ఏవి నిజమో ఏవి కాదో ఎలా తేలిందో రాసిన నోట్సుతో సహా పంపుతాను. వాటిలో సగమైనా మీ ఊరి ఫోన్లలో తిరుగుతున్న వాటితో మార్చుకోండి.